పసుపు ప్లగ్గులో ఎరుపు

“తప్పిపోయి దొరికిన మన సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు.”

మా చిన్న మావయ్య పోయిన కబురు నాకు ఈ మాటల్లో తెలిసింది. చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ ఫెర్రీ కోసం నిలబడి ఉన్నాను. అమ్మ ఫోను కంటే ముందే మా చర్చి సంఘం గ్రూపులో ఆ ముక్క వచ్చి పడింది. ఏడుపు రావాల్సింది, రాలేదు. తప్పిపోవడమేమిటి, ఎక్కడికి తప్పిపోయాడు అని పళ్లు కొరుక్కుంటూ ఫెర్రీ వదిలేసి ఇంటికి డెలానీపూర్ ఆటో ఎక్కాను. ఆ కోపం ఇంకా దిగలేదు. ఇదంతా ఆ కోపంతోనే రాస్తున్నాను. నా తెలుగులో తప్పులు అమ్మ దిద్దింది. కోపాన్ని మాత్రం దిద్దనివ్వలేదు.

మన సంఘం పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన ‘కేబుల్ భయ్యా’. ఓడల మీద వైరింగ్ పని చేసి, ఒంట్లో బాగోక దిగిపోయి, మా ఇంటి వెనక గదిలో ఉండిపోయిన మనిషి. క్యాసెట్ పెట్టి ఆడే పాత వీడియో గేమ్ మీ ఇంట్లో ఉంటే, దాన్ని టీవీకి కలిపే తీగ ఎప్పుడో ఒకసారి ఆయన చేతిలో పడే ఉంటుంది. మన దీవుల ఉప్పుగాలికి ప్లగ్గులు నిలవవు. ఒక్క వానాకాలం గడిస్తే లోపల రాగికి చిలుము పడుతుంది, తెర మీద బొమ్మ వణుకుతుంది. మీరేమో ఆ గేమ్ డబ్బాని చంకన పెట్టుకుని వచ్చి, మా వరండాలో దాని నెత్తిన ఓ దెబ్బ వేసి చూపించేవారు.

“అరె, దాన్నెందుకు కొడతావ్ భయ్యా? దాని గల్తీ ఏం లేదు. తార్ చూడు ముందు!” అని తీగ చూపించి కసిరేవాడు.

మెత్తని మనిషి కాదు. తన పని గురించి గొప్పలు చెప్పుకునేవాడు, ఎదుటివాడి పనిని తిట్టేవాడు. కంపెనీ కేబుల్ చూస్తే చాలు మొహం చిట్లించేవాడు. “రంగూ వెలుగూ ఒకే తీగలో తోసేశాడు వెధవ. ఒకే గదిలో రెండు కాపురాలు పెడితే కొట్టుకోవా?” ఆ కాపురాలు విడదీయడమే ఆయన విద్య. డబ్బా వెనక విప్పి, వెలుగుకో తీగ, రంగుకో తీగ వేరుగా బయటికి లాగి టీవీకి కలిపేవాడు. అంతవరకూ బొమ్మ అంచుల్లో చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఆ తర్వాత అంచు అంచులా నిలబడేది. “చూడవే, ఇప్పుడు వాడి మీసం కనపడుతోందా?” అని నన్ను పిలిచేవాడు. కనపడేది. ఆ ఆటలో మనిషికి మీసం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

కొత్త టీవీలు వచ్చాక, పాత గేమ్‌ని వాటికి కలపడానికి మధ్యలో పెట్టే చిన్న డబ్బాలు వచ్చాయి. నేను వైజాగ్‌లో డిగ్రీ చదివి వస్తూ ఒకటి కొనుక్కొచ్చాను. రెండాటలు ఆడి నా ఒళ్లో పడేశాడు. “నేను బటన్ నొక్కాక ఆలోచించుకుని దూకుతున్నాడే వీడు. ఆలోచించేలోపే గోతిలో పడి చస్తున్నాడు. వాపస్ ఇచ్చెయ్.”

ఇక మీకు తెలియని విషయానికి వస్తాను.

కంపెనీ ప్లగ్గు అతికించేసి ఉంటుంది, పాడైతే కోసి పారేయాలి. మావయ్య దాన్ని తీసేసి, మూత తిప్పితే ఊడే ప్లగ్గు వేసేవాడు. లోపల తీగ అతికిన చోట ఉప్పుగాలి తగలకుండా ఒక పూత పూసేవాడు. ఆ పూత గోళ్ల రంగు. ఎర్రటి గోళ్ల రంగు. ఏటా వానలకి ముందు గోల్ ఘర్‌లో గాజులూ రిబ్బన్లూ అమ్మే షాపుకి వెళ్లి ఒక సీసా తెచ్చుకునేవాడు.

మన సంఘంలో ఆడవాళ్లు గోళ్లకి రంగు వేసుకోరు. మరి పెళ్లికాని మగవాడు ఎవరి కోసం కొంటున్నట్టు? సంఘపెద్దగారి భార్య ఒకసారి అదే షాపులో ఉన్నారు. షాపువాడు నవ్వుతూ, “కిస్కే లియే భయ్యా, హర్ సాల్ లాల్?” అన్నాడట, ఏటా ఈ ఎర్రది ఎవరి కోసమని. మావయ్య తన ధోరణిలో, నీకెందుకన్నట్టు, “తేరేకో క్యా? పైసా లే, సీసా దే,” అన్నాడట. అంతే. ఆదివారానికల్లా ఆయనకి బాంబూఫ్లాట్‌లో ఎవరో ఉన్నారు. మరుసటి ఆదివారానికి ఆవిడకి ఒక పిల్లాడు కూడా పుట్టాడు. పెద్దలు పిలిచారు, పశ్చాత్తాపపడమన్నారు. ప్రభుబల్లకి దూరంగా, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. వైజాగ్‌లో కుదిరిన సంబంధం ఓడ ఎక్కకుండానే వెనక్కి పోయింది.

ఆ వెనక బెంచీలో కూర్చునే, మీ మైకు గీ పెడితే లేచి వచ్చి దాని తీగ బాగుచేశాడు. గుర్తుందా?

“చెప్పేస్తాను రా తమ్ముడూ, ఒక్క మాటతో పోతుంది,” అని అమ్మ బతిమాలింది. “అడగనివాళ్లకి చెప్పేదేంటి? నువ్వు నోరు విప్పావంటే నీ ఇంట్లో అన్నం ముట్టను,” అన్నాడు. అమ్మ విప్పలేదు. అందుకే మావయ్య మీద కూడా నాకు కోపమే. గుండెల్లో నొప్పిని సైతం ఇలాగే దాచుకుని పోయాడు.

“పోనీ, రంగులేనిది కొనొచ్చుగా?” అని పెద్దయ్యాక నేను పోట్లాడాను.

“రంగు లేకపోతే ఎక్కడ పూశానో, ఎక్కడ వదిలేశానో ఎలా కనపడుతుంది? వాళ్ల కోసం నా పని పాడు చేసుకోవాలా?”

మావయ్య పోయాక ఆదరణ కూడిక మా ఇంట్లోనే జరిగింది. సంఘపెద్దగారు లేచి, మావయ్య యవ్వనంలో తొట్రిల్లినా సంఘం క్షమించి చేర్చుకుందని సాక్ష్యం చెప్పారు. నేను లేచాను. అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. “కూర్చోవే, నీకు దండం పెడతాను.” కూర్చోలేదు. వెనక గదిలోకి వెళ్లాను. మావయ్య బల్ల మీద పెద్దగారి మనవడి కేబుల్ ఉంది. రిపేరుకి వచ్చింది, పని పూర్తయింది, తీసుకెళ్లేవాళ్లు రాలేదు. తెచ్చి పెద్దగారి చేతిలో పెట్టాను.

“ఆ పసుపు ప్లగ్గు మూత తిప్పండి పెద్దగారూ.”

“ఇప్పుడు ఇదెందుకమ్మా?”

ఆయన తిప్పలేదు. పక్కనున్న ఆయన భార్య తీసుకుని తిప్పారు. మూత ఊడింది. లోపల తీగ అతికిన చోట నిగనిగలాడుతూ ఎర్రటి బొట్టు. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు.

“ఇందుకా?” అన్నారు.

“ఇందుకే.”

పెద్దగారు ఆ ప్లగ్గు వైపు చూసి, “ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే...” అన్నారు.

“మీరు అడిగారా?”

“ప్రార్థన చేసుకుందాం,” అన్నారాయన. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

మీలో ఎందరి ఇళ్లలో ఆ తీగలున్నాయో నాకు తెలుసు. రెండు వేళ్లు చాలు మూత తిప్పడానికి. ఇన్నేళ్లలో ఒక్కరైనా తిప్పారా? ఇప్పుడైనా తిప్పి చూడండి. చూశాక ఆ ‘తప్పిపోయి దొరికిన’ అనే మాటని గ్రూపులోంచి తీసేయండి. ఇది రాసేనాటికి ఇంకా అలాగే ఉంది.

మావయ్య గది సర్దుతుంటే, ఈ ఏటి వానల కోసం తెచ్చుకున్న సీసా దొరికింది. మూత ఇంకా తీయలేదు. అమ్మ దాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది. దాచుకోవడానికి కాబోలనుకుని నేనేం అనలేదు.

మొన్న ఆదివారం ఆరాధనలో అమ్మ వెనక బెంచీలో, తమ్ముడు కూర్చునే చోట కూర్చుంది. పాటకి అందరూ లేచారు. అమ్మ పాటల పుస్తకాన్ని ఎప్పటికంటే ఎత్తుగా పట్టుకుంది. అట్ట మీద ఆమె వేళ్లు కనపడుతున్నాయి. పనులు చేసి చేసి అరిగిపోయిన గోళ్లు. ఎడమ చేతి చిటికెన వేలిది మాత్రం ఎర్రగా ఉంది. పూత కాస్త గోరు దాటి చర్మం మీదికి వచ్చింది. అలవాటు లేని చెయ్యి. ముందు బెంచీలో పెద్దగారి భార్య వెనక్కి తిరిగి చూశారు. అమ్మ పుస్తకం దించలేదు.