లోపలి జేబు

మా ఇంట్లో మగవాళ్ళ చొక్కాలన్నిటికీ ఎడమవైపు, గుండె దగ్గర, లోపలి పక్కన ఒక జేబు ఉండేది. బయటికి కనబడేది కాదు. దాన్ని కుట్టేది నేనే. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌లో మేముండే సందులో, మెట్ల కింద, నాకో కుట్టుమిషను ఉంది. మా తెలుగువాళ్ళెవరు కొత్త చొక్కా కొన్నా ముందు నా దగ్గరికి తెస్తారు, తొడుక్కోవడం తర్వాత. కొలత చెప్పనక్కర్లేదు. గులాబీ రంగు పౌరసత్వపు కార్డు మడిచి పెడితే పట్టాలి, రెండు వేళ్ళు దూరి ఒక్క లాగులో అది బయటికి రావాలి. ఇన్నేళ్ళలో ఒక్క బర్మా మనిషి కూడా ఈ జేబు కుట్టమని నన్ను అడగలేదు. వాళ్ళకు దాంతో పనిలేదు.

ఈ జేబు మా అమ్మ కనిపెట్టింది. నా చిన్నప్పుడు నాన్న అహ్లోన్ రేవులో బస్తాలు మోసేవాడు. ఒకరోజు కార్డు ఇంట్లో మరిచిపోయాడు. పని దిగి పదిమంది కలిసి వస్తుంటే పోలీసులు నాన్ననొక్కణ్ణే పక్కకు లాగారు. నల్లగా ఉన్నది ఆయనొక్కడే మరి. రెండు రోజులు ఠాణాలో గొంతుక్కూర్చోబెట్టి, ఏ దేశం నుంచి దొంగతనంగా వచ్చావని అడిగారు. మా నాన్నా, వాళ్ళ నాన్నా పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఇంటికొచ్చిన రోజే అమ్మ పాత లుంగీ ముక్కలు కత్తిరించి చొక్కాలన్నిటికీ లోపల జేబులు వేసింది.

అంతటితో ఊరుకోలేదు. నన్నూ తమ్ముణ్ణీ గోడకు నిలబెట్టి పాఠం చెప్పింది. మాకింకా కార్డులు రాలేదు, అట్టముక్కలు ఇచ్చి నేర్పింది. పోలీసు కనబడితే అడిగేదాకా ఆగకూడదు. అడిగించుకుంటే అప్పటికే తప్పు చేసినట్టు లెక్క. ముందు చెయ్యి లోపలికి పోవాలి, కార్డు బయటికి రావాలి, మాట ఆ తర్వాత. తమ్ముడు నాకంటే చురుకు. నేను జేబు తడుముకునేలోపే వాడి అట్టముక్క అమ్మ ముక్కు ముందు ఉండేది, అమ్మ మురిసిపోయేది.

ఆ పాఠమే వాణ్ణి చంపింది. ఈ ఒక్క ముక్క ఇంత సూటిగా అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తమ్ముడు సంచౌంగ్‌లో ఒక దుకాణంలో ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. వాడితో పాటు పనిచేసే బర్మా అతను వాడికి పదేళ్ళ స్నేహితుడు. ఆరోజు ఉదయం తొమ్మిదింటికి ఇద్దరూ ఎవరింట్లోనో ఫ్రిజ్ చెడిపోతే నడిచి వెళ్తున్నారు. పనిముట్ల సంచి స్నేహితుడి భుజానికి ఉంది. సుత్తి, రెంచీలు, జానెడేసి స్క్రూడ్రైవర్లు, గ్యాసు డబ్బా, అన్నీ అందులోనే. తమ్ముడి చేతిలో అమ్మ కట్టిన టిఫిను క్యారియరు ఉంది. మలుపులో ఇసుక బస్తాలు పేర్చుకుని పోలీసులు నిలబడ్డారు. సైన్యం గద్దెనెక్కినప్పట్నించీ యాంగోన్‌లో ఎటు వెళ్ళినా ఆ బస్తాలే, జనం వాటి పక్కనుంచే కూరగాయలు తెచ్చుకుంటున్నారు.

ఆగమన్నారు, ఇద్దరూ ఆగారు. తర్వాత జరిగింది ఆ స్నేహితుడే మా ఇంటికొచ్చి, నేలమీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ ముట్టుకోకుండా చెప్పాడు. ఇనుప సామాను మోస్తున్న తనని ‘కో’ అని, అంటే అన్నా అని పిలిచి, సంచి మెల్లగా కింద పెట్టమన్నారట. తమ్ముడు క్యారియరు ఎడమచేతికి మార్చుకుని, ఎవరూ అడగకముందే, కుడిచెయ్యి చొక్కాలోకి పోనిచ్చాడట. “కలా” అని ఒక పోలీసు అరిచాడట. ఆ అరుపూ తుపాకీ మోతా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయట.

కలా అంటే మేమే. మా రంగున్న వాళ్ళందరం. బజార్లో బేరమాడేటప్పుడూ అదే పిలుపు, బస్సులో కాలు తొక్కినప్పుడూ అదే. విని విని చెవులు కాయలు కాశాయి, పట్టించుకోవడం మానేశాం. కాని కాల్చే ముందు ఆ పోలీసు నోట ఆ మాటే వచ్చిందంటే, వాడికి కనబడింది చెయ్యి కాదు. నేనీ మాట ఎవరి ముందైనా అంటాను.

మా చర్చి సంఘపెద్ద ఓదార్చడానికి వచ్చి నాకు నీతులు చెప్పాడు. జాతి ప్రసక్తి తేవద్దమ్మా, వాళ్ళు సొంతవాళ్ళనే పిట్టల్లా కాలుస్తున్నారు, మన రంగుతో ఏం సంబంధం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్పింది అబద్ధమని కాదు. బర్మా పిల్లలు ఎంతమంది పోయారో నేనూ చూశాను, ఆ తల్లుల నల్ల గుడ్డలు నేనూ కుట్టాను. వాళ్ళ చావు తక్కువదని నేనెప్పుడూ అనలేదు. కాని ఆ మలుపులో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడ్డారు. ఒకడి దగ్గర సుత్తి ఉంది, ఒకడి దగ్గర అన్నం ఉంది. సుత్తి ఉన్నవాడికి ఒక మాట దక్కింది, కింద పెట్టు అని. అన్నం ఉన్నవాడికి ఆ మాట దక్కలేదు. ఆ ఒక్క మాట ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు చెప్పి తర్వాత ప్రార్థన చెయ్యండి అన్నాను. ఆయన బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శవం ఆసుపత్రిలో శవాల గదిలో ఉంది. ఠాణాలో కాగితం మీద ఇంటివాళ్ళ సంతకం పడితేగాని ఇవ్వమన్నారు. అది ఎండాకాలం, రోజులో సగంసేపు కరెంటు ఉండదు. శవాన్ని ఇంటికి తెచ్చి, స్నానం చేయించి, కీర్తనలు పాడి, చీకటి పడకముందే పాతిపెట్టాలి. మూడోరోజు అమ్మా నేనూ ఠాణాకు వెళ్ళాం. అమ్మకు బర్మా భాష చదవడం రాదు. ఆమెను వరండాలో బల్లమీద కూర్చోబెట్టారు, ఒళ్ళో వాడికి తొడగడానికి తెచ్చిన తెల్లచొక్కా. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకుంది.

“ఆడి సేతిలో ఏటున్నాదో అదే రాయించు. దొంగని రాస్తే నానొప్పుకోను,” అంది.

సరేనన్నాను. నాకూ కావలసింది అదే.

అధికారి నా ముందు రెండు కాగితాలు పెట్టాడు. మొదటిదాంట్లో, ఆగమన్నా ఆగక, బట్టల్లోంచి ఆయుధం తీయబోగా, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చిందని రాసి ఉంది.  రెండోది శవం దగ్గర దొరికిన వస్తువుల జాబితా. దాన్ని రాసింది మూలన కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న ముసలి గుమాస్తా. ఆయనకు మొదటి కాగితంలో ఏం రాశారో ఎవరూ చెప్పినట్టు లేరు. ఉన్నదున్నట్టు గుండ్రటి అక్షరాలతో రాసుకుపోయాడు. టిఫిను క్యారియరు ఒకటి. చెప్పులు ఒక జత. పౌరసత్వపు కార్డు ఒకటి, కుడిచేతిలో.

నేను ఆ వరస మీద వేలు పెట్టి అధికారి వైపు తిప్పాను.  మీ కాగితమే చెబుతోంది, చేతిలో ఉన్నది కార్డు అని, మరి ఆయుధం ఎక్కడిది అన్నాను. ఆయన కోప్పడలేదు. కుర్రాళ్ళు రోజంతా ఎండలో నిలబడతారు, లోపలికి చెయ్యి పెడితే భయపడరా అన్నాడు. పక్కవాడి భుజాన సంచిలో సుత్తి ఉంది కదా, వాణ్ణి చూసి ఎందుకు భయపడలేదన్నాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

“అతన్ని చూస్తే భయం వెయ్యలేదు,” అన్నాడు.

అంతే. ఏ మాత్రం సిగ్గు లేకుండా, వాన పడలేదన్నంత మామూలుగా అన్నాడు. ఆయన ఏదో సాకు చెబుతాడనుకున్నాను. సాకు చెప్పాలని కూడా తోచలేదు ఆయనకు. భయం వాళ్ళదట, ప్రాణం మాదట. పుట్టినప్పట్నించీ వాళ్ళను చూసి భయపడి, భయపడి, జేబులు కుట్టుకుని, పిల్లలకు అట్టముక్కలిచ్చి తర్ఫీదు చేసుకున్నది మేము. తుపాకీ పట్టుకున్నవాడికి మమ్మల్ని చూస్తే భయమేస్తుందట. ఆయన ముందున్న బల్ల బోర్లా తోసేద్దామన్నంత కోపం వచ్చింది.

అధికారి జాబితా తీసుకుని గుమాస్తా ముందు పడేసి, సరిగ్గా రాయమన్నాడు. ముసలాయన నా వైపు చూడలేదు. కొత్త కాగితం తీసుకుని అన్నీ మళ్ళీ రాశాడు, ఈసారి కార్డు ఒకటి అని ఊరుకున్నాడు. పాతది చింపేశారు. సంతకం చేస్తే మధ్యాహ్నానికి శవం వస్తుంది, చెయ్యకపోతే పైవాళ్ళను అడగాలి, వారం పట్టొచ్చు, ఆ శవాల గదిలో కరెంటు సంగతి నీకు తెలిసిందే అన్నాడు అధికారి. కిటికీలోంచి అమ్మ కనబడుతోంది. చొక్కా మడత విప్పి, మళ్ళీ మడిచి పెట్టుకుంటోంది.

సంతకం చేశాను. రెండు కాగితాల మీదా చేశాను.

బయటికి రాగానే అమ్మ అడిగింది, చేతిలో ఏమున్నదని రాశారని. కార్డు అనే రాశారమ్మా అన్నాను. అమ్మ తలూపింది. ఆ సాయంత్రం పాతిపెట్టే చోట, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పింది: వాళ్ళే రాశారట, మావాడి చేతిలో కార్డే ఉందని. జనం అమ్మ చేతులు పట్టుకుని, పోనీలే, మచ్చ పడలేదు అన్నారు. నేను నోరు కట్టుకుని నిలబడ్డాను. పోలీసుల అబద్ధం కింద ఒక సంతకం, దానిమీద నా అబద్ధం ఒకటి.

అది అక్కడితో ఆగితే బాగుండేది. నెల తిరక్కుండా పక్కింటావిడ భర్తకు కొన్న కొత్త చొక్కా పట్టుకుని నా మిషను దగ్గరికి వచ్చింది. నేను ఇక ఆ జేబులు కుట్టనన్నాను. ఆవిడ నొచ్చుకుంది.

“మీయమ్మ సెప్పినాది, సేతిలో కార్డే ఉన్నాదని ఆలే రాసినారంట గదా. మరి జేబు తప్పేటున్నాదే?” అంది.

అప్పుడు అర్థమయింది నేను చేసిన పని. మా సందులో మగవాళ్ళందరూ ఇంకా చెయ్యి లోపలికే పెడతారు. కార్డు కార్డుగా కనబడుతుందని, కనబడింది రాస్తారని నమ్ముతారు. నా నోటితో నమ్మించాను. అమ్మ మెట్లమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె వింటుండగానే చెప్పేశాను. వాళ్ళు అలా రాయలేదు, ఆయుధం తీయబోయాడని రాశారు, నేను సంతకం చేశాను, ఇంటికొచ్చి అబద్ధం చెప్పాను అన్నాను. 

అమ్మ చిక్కుడుకాయ తుంచడం ఆపలేదు.

“నాకు తెలుసే,” అంది. “నిజిం రాసుంటే ఆలు మన గుంటణ్ణి మనకిచ్చేవోరేటి?”

తెలిసే ఊరంతా చెప్పుకుంది. వాడి పేరు మీద ఒక నిజమైన మాట ఎక్కడో ఒకచోట ఉండాలని, లేదని తెలిసీ, నలుగురి నోళ్ళలోనైనా పెట్టింది. కాసేపయ్యాక పక్కింటావిడ చొక్కా మళ్ళీ నా ముందు పెట్టి, జేబు బయట కుట్టు, కార్డు దారినపోయేవాడికి కూడా కనబడాలి, చేతులు పైకే ఉండాలి అని నాకు చెప్పింది. ఇప్పుడు అలాగే కుడుతున్నాను, పలచటి ప్లాస్టిక్ పెట్టి. రేపు చేతులు పైకెత్తినవాణ్ణి చూసినా వాళ్ళకు భయమెయ్యదని నాకు నమ్మకం లేదు.

ఆ చింపేసిన కాగితం ఇక దొరకదు. ముసలి గుమాస్తా మొదట రాసింది నాకు కంఠతా వచ్చు. ఏ సంతకం కోసమూ దీన్ని మళ్ళీ కొట్టెయ్యనివ్వను: టిఫిను క్యారియరు ఒకటి. చెప్పులు ఒక జత. పౌరసత్వపు కార్డు ఒకటి, కుడిచేతిలో.