ఆయనెవరో తెలియదన్నాను

దాదాపు నలభై ఏళ్ళుగా ఒక మాట గొంతులోనే మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైలలో పిడుగురాళ్ల దగ్గర ఒక ఊళ్ళో తెలుగు పంతుల్ని. ఒకరోజు ఆరో తరగతికి కొత్త పదాలు చెబుతున్నాను. సైనికుడు, త్యాగం, సన్మానం, కృతజ్ఞత. సొంతవాక్యాలు చెప్పమంటే షమీమ్ అనే అమ్మాయి లేచి, "మా నాయన సైనికుడు. యుద్ధంలో రెండు వేళ్ళు పోయినయి," అంది. పిల్లలు నవ్వారు. వాళ్ళ నాన్న మస్తాన్ రోడ్డు పక్కన సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆ వేళ్ళు సున్నపురాయి క్వారీలో పోయాయని ఊరంతా అనుకునేది. నేనూ అంతే.

సాయంత్రం కొట్టుకు వెళ్ళి అడిగాను. మస్తాన్ చేతులు తుడుచుకుని రేకుపెట్టెలోంచి కాగితాలు తీశాడు. బంగ్లాదేశ్ యుద్ధం నాటివి. గుడ్డలో చుట్టిన పతకం కూడా ఉంది. అన్నీ చదివాను. పంద్రాగస్టుకు బడికి రమ్మని, పిల్లల ముందు సన్మానం చేస్తామని చెప్పాను. ఆయన పతకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టిపెట్టాడు. "ఇన్నేళ్ళల్లో ఎవురూ అడగలా సార్," అన్నాడు.

రెండు రోజుల ముందు సర్పంచి పిలిపించాడు. ఆయన బావమరిది కొన్నాళ్ళు మిలటరీ వంటశాలలో పనిచేసి వచ్చాడు, యుద్ధం ముఖం చూడలేదు. సన్మానం కుర్చీలో అతనే కూర్చోవాలట. కాదంటే? సర్పంచికి పంచాయతీ సమితిలో పలుకుబడి ఉంది, నన్ను ఏ అడవి పక్క ఊరికో వేయించగలడు, ఇంట్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. సరేనన్నాను. మస్తాన్‌కు మాత్రం చెప్పలేకపోయాను. ఆ రెండు రోజులూ కొట్టు కనపడకుండా చుట్టుదారిన బడికి వెళ్ళాను.

పంద్రాగస్టునాడు మస్తాన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద పతకం, పక్కన షమీమ్. అప్పటికే కుర్చీలో బావమరిది, మెడలో దండ. ఏర్పాట్లన్నీ నాకే వదిలేసిన హెడ్మాస్టరు నా దగ్గరికొచ్చారు. సర్పంచి మా వైపే చూస్తున్నాడు.

"ఈయన్ని కూడా మీరే పిలిచారా?"

"లేదండీ."

"పతకం పెట్టుకొచ్చాడే. నిజంగా మిలటరీయేనా?"

"ఆయనెవరో నాకు తెలియదండీ. కాగితాలేవీ చూళ్ళేదు."

మస్తాన్ విన్నాడు. కోపంగా చూడలేదు. నేనేదో మరిచిపోయాననీ, గుర్తుచేస్తే బాగుంటుందనీ అనుకున్నట్టు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆయనకు అర్థమైంది. పతకం విప్పి జేబులో వేసుకున్నాడు. "సారు చూశాడుగా!" అంది షమీమ్ గట్టిగా. "పా అమ్మా," అన్నాడాయన.

కుర్చీ లాక్కున్నది సర్పంచి. మరి ఆ అబద్ధం? అది ఎవరు చెప్పమన్నారు నన్ను? ఎవరూ చెప్పమనలేదు. పక్కన ఇంకో కుర్చీ వేయించే ధైర్యం లేకపోతే పోయింది, 'రండి, ఇక్కడ కూర్చోండి' అని బెంచీ చూపించినా నేను మనిషిగా మిగిలేవాణ్ణి.

పిల్లలు షమీమ్‌ను 'దొంగ మిలటరీ కూతురు' అనేవారు. వరండాలోంచి వినేవాణ్ణి. ఆపాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే నా అబద్ధం బయటపడుతుంది. అలా ఆ ఏడాదంతా గదిలోకి పోలేక, గుమ్మం దాటిపోలేక నిలబడ్డాను. ఆ వేసవిలో వాళ్ళు మాచర్ల వెళ్ళిపోయారు. ఆ కొత్త పదాల పాఠం మాత్రం ఏటా వచ్చేది. ఇంట్లో చదువుకోండిరా అని పేజీ తిప్పించేవాణ్ణి.

మస్తాన్ పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. షమీమ్ ఎక్కడుందో తెలియదు. ఆమె ఇది చదివినా క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

మస్తాన్ యుద్ధంలో పోరాడాడు. ఆయన కాగితాలు నేను చదివాను. చదివి కూడా తెలియదన్నాను. ఈ మూడు ముక్కలూ రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకంటే ఏమీ మారలేదు.