ఫ్యాన్ కింద విగ్రహం

మా హాల్లో సీలింగ్ ఫ్యాన్ కిర్రుమన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఫ్యాన్‌ను చూసి సిగ్గుపడే మనిషి దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో నేనొక్కణ్ణే అయివుంటాను. నిన్న మధ్యాహ్నం కూడా అలాగే కిర్రుమంటే మా ఆవిడ వంటింట్లోంచి, "దానికి కాస్త నూనె అన్నా వేయించండి, లేకపోతే సుగుణ గారికి ఫోనన్నా చేయండి" అంది. ఆవిడకు సంగతంతా తెలుసు. మీకు తెలియదు కాబట్టి నా తెలివితక్కువతనంతోనే మొదలుపెడతాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది మా విశ్వవిద్యాలయం మూసేసి, మమ్మల్ని ఇళ్ళ నుంచే పనిచేయమన్నారు. డిగ్రీ సర్టిఫికెట్లు పంపే సెక్షన్‌కు నేను సూపరింటెండెంట్‌ను. పాతికేళ్ళ సర్వీసులో కంప్యూటర్‌ను దూరం నుంచి గౌరవించానే తప్ప దగ్గరికి వెళ్ళలేదు. నేను చెబితే టైపు చేసే అమ్మాయి ఉండేది, సంతకానికి నా పెన్ను ఉండేది. ఇంటి నుంచి పని అనేసరికి పెన్ను మాత్రమే మిగిలింది. రోజూ పదకొండింటికి వీడియో మీటింగు. "మూర్తి గారూ, ఆ లిస్టు ఒకసారి తెర మీద చూపించండి" అని ఎవరన్నా అంటే ఏం నొక్కాలో తెలియక ఒక ఉపాయం కనిపెట్టాను. నోరు సగం తెరిచి, రెప్ప వేయకుండా, కదలకుండా కూర్చునేవాణ్ణి. నెట్ ఆగిపోయి నా బొమ్మ బిగుసుకుపోయిందని అందరూ అనుకోవాలి. పేరే మూర్తి కాబట్టి విగ్రహంలా కూర్చునే విద్య తొందరగానే పట్టుబడింది. "అయ్యో, మూర్తి గారి నెట్ మళ్ళీ పోయింది" అని నన్ను దాటి వెళ్ళిపోయేవారు. అలా మూడు వారాలు నెట్టుకొచ్చాను.

మా పై అధికారి డిప్యూటీ రిజిస్ట్రార్ సుగుణ గారు. పోచంపల్లి వైపు నేతపనివారి ఇంట్లో పుట్టి, మన్సూరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారంటే మాత్రం ఫైల్లో తప్పు దొరికిందని మా అందరికీ అర్థం. ఒకరోజు నేను విగ్రహమై ఉన్నప్పుడు ఆమె కళ్ళద్దాలు తీశారు. "మూర్తి సార్ నెట్ ఆగినట్టుంది, తర్వాతోళ్ళు చెప్పుండ్రి" అన్నారు, అంతే. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మూర్తి సార్, మీ నెట్ ఆగినప్పుడు మీ నెత్తి మీద ఫ్యాన్ ఎట్ల తిరుగుతున్నది?"

ఈసారి నిజంగానే బిగుసుకుపోయాను.

"గిది నేనొక్కదాన్నే చూసిన, పరేషాన్ కాకుండ్రి. కానీ సోమవారం రిజిస్ట్రార్ సార్ కూసుంటరు. ఆయన గూడ చూస్తడు."

సోమవారం ఒక్కో సెక్షన్ వాళ్ళూ ఆగిపోయిన సర్టిఫికెట్ల జాబితాను తెర మీద చూపించి లెక్క చెప్పాలి. చూపలేనివాళ్ళను లాక్‌డౌన్ సడలగానే దూరపు జిల్లాలోని పీజీ సెంటరుకు పంపిస్తారని వినికిడి. మా ఆవిడకు ఆస్తమా. పక్కింటివాళ్ళు తలుపు తీయడానికే జంకే ఆ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళడమన్న ఊహకే నాకు ఊపిరాడలేదు. ఇంట్లో ఒకరి ఆయాసం చాలదన్నట్టు.

"ఈ వయసులో నా వల్ల కాదు మేడం," అన్నాను.

"ఫైల్ పెట్టుడు ఒస్తదా మీకు?"

"అది నిద్రలో కూడా వస్తుందండీ."

"మరింకేంది? పెట్టుండ్రి. విషయం: తెర మీద లిస్టు చూపించుట గురించి."

నవ్వులాటకు అనలేదు ఆమె. ఆ రోజు నుంచి రోజూ మూడింటికి నేను కాగితం మీద నోట్ ఫైల్ రాసి, ఫోన్లో చదివి వినిపించాలి. "పేరా ఒకటి: లిస్టును ముందుగనే తెరిచి ఉంచుకొనవలెను. పేరా రెండు: కింద గల ఆకుపచ్చ బటన్‌ను నొక్కవలెను." తప్పు వస్తే ఆమె ఆఫీసులోలాగే తిప్పి పంపేవారు. "పేరా నాలుగుల మీ మైకు బంద్ ఉన్నది సార్. మీరు మాట్లాడేది మీ ఇంట్లోళ్ళకే ఇనొస్తది. సరిజేసి మళ్ళ పెట్టుండ్రి." మెషీన్ అంటే వెనక్కి పోయే నా చేతులు ఫైల్ అనగానే దారిలో పడ్డాయి. అయిదో రోజు, "ఆమోదించడమైనది" అన్నారు. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నేనంత మురిసిపోలేదు.

ఆ రోజే ఉండబట్టలేక అడిగాను: "మీటింగులోనే అనేసి ఉంటే మీకీ శ్రమ ఉండేది కాదు కదండీ?"

"చిన్నప్పుడు నేను మగ్గం కాడ కొంగు ఖరాబు చేస్తే, మా నాయన అంతవరకు లోపటికి మడత బెడ్తుండె. పొద్దూకినంక నన్ను పిల్చి, ఇప్పి చూపిస్తుండె. పదిమంది ముంగట ఎన్నడు ఇప్పలే సార్," అని ఫోన్ పెట్టేశారు.

సోమవారం. మే నెల ఎండ. ఎందుకైనా మంచిదని ఫ్యాన్ ఆపి కూర్చున్నాను. నా వంతు వచ్చింది. ఒళ్ళో కాగితం, దాని మీద చెమట చుక్కలు. ఒక్కో పేరా చూసుకుంటూ నొక్కాను. జాబితా తెర మీదికొచ్చింది! ఆ సంబరంలో, "పేరా ఏడు అమలు చేయడమైనది" అని పైకే అనేశాను.

"ఏమన్నారు?" అన్నారు రిజిస్ట్రార్.

"ఏం లేదు సార్, మా మూర్తి సార్‌ది జర ఆఫీసు భాష," అన్నారు సుగుణ గారు. ఆయన జాబితా అంతా చూసి, బాగుందని తర్వాతి సెక్షన్‌కు వెళ్ళిపోయారు. నిమిషంలో నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "ఇగ ఫ్యాన్ ఏసుకోండ్రి సార్." వేసుకున్నాను. అంత చల్లటి గాలి మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. మా ఆవిడ వచ్చి నా పక్కనే ఆ గాలికి కూర్చుంది.

ఆ కాగితం ఇప్పటికీ నా ఆఫీసు సంచిలో ఉంది, రాత లోపలికి మడిచి. సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్ళు పొరపాటు చేస్తే మీటింగులో నోరెత్తను. మూడింటికి ఫోన్ చేస్తాను.

సుగుణ గారు రిటైరయ్యారు. పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా చూపించుకోవాలి కదా, దానికిప్పుడు ఫోన్‌కు ముఖం చూపిస్తే చాలు. ఆమె పట్టుకుంటే ముఖం సగం, గోడ సగం పడుతోందట. "జర ఒస్తరా సార్?" అన్నారు. ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పట్టుకున్నాను.

"కదలకండి మేడం. నేను చెప్పినప్పుడు రెప్ప వేస్తే చాలు."

"నోరు?"

"సగం తెరిచినా పర్వాలేదు."

ఆమె రెప్ప వేయగానే పని అయిపోయింది. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ముఖం గంభీరంగా పెట్టి, "అలాగే ఉండండి మేడం, నెట్ ఆగింది" అన్నాను. పాపం, విగ్రహంలా కూర్చున్నారు. ఒక నిమిషం గడిచింది. ఆమె చూపు మెల్లగా పైకి వెళ్ళింది. పెదవులు కదపకుండానే అన్నారు:

"మూర్తి సార్, ఫ్యాన్ బంద్ చేసుడు మర్సిపోయిన్రు."

లేచి ఫ్యాన్ ఆపాను. ఇంకో నిమిషం కూర్చోబెట్టాను.