సొర ముట్టని నెలలు

వంటింటి సింకులో, నీళ్లు పోసిన స్టీలు గిన్నెలో సొర ఉంది. చేపల వాసన అందరికీ తెలిసిందే గానీ సొర వాసన వేరు. నశ్యం పీల్చినట్టు సూటిగా నడినెత్తికెక్కి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. "అమ్మా, ఏంటా కంపు, ఆ ఫ్యానన్నా వెయ్యి!" అని లోపలి గదిలోంచి మా అమ్మాయి అరుస్తోంది. కంపట! తెనాలిలో ఈ మూడో అంతస్తు ఫ్లాటులో, కిటికీకి దోమల జాలీ బిగించిన ఈ ఇరుకు వంటింట్లో ఆ వాసన తగిలిన మరుక్షణం, రేపల్లెలో మా పెంకుటింటి పెరడూ, పెరట్లో నాయనమ్మ రాజేసిన కట్టెల పొయ్యీ, పొయ్యి మీద పసుపు నీళ్లలో కుతకుత ఉడికే సొర ముక్కలూ, గడప అవతల గుక్కపట్టి ఏడ్చే ఓపిక కూడా లేని పసివాడూ, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

అమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, బంగారు బొమ్మలా ఉంది, కానీ పాలు చాలడం లేదు. "కంగారు పడకండి ఆంటీ, నెమ్మదిగా పడతాయి, ఈలోగా డబ్బా పాలు పట్టండి. ఏ చేపైనా ఒకటే, సొరే తినాలని రూలేం లేదు" అని డాక్టరమ్మ నవ్వింది. ఆవిడకేం, చదువుకున్న మనిషి. నేనూ చదువుకున్నదాన్నే, బళ్లో సైన్సు పాఠాలు చెబుతున్నదాన్నే. అయినా ఆకలికి ఏడ్చే పసిబిడ్డ గొంతు వినపడిందంటే నా చదువంతా ఏట్లో కొట్టుకుపోతుంది. నాది మొదట్నుంచీ గాభరా ఒళ్లు. ఆ గాభరా నాకెక్కడ పట్టుకుందో చెప్పాలంటే నాంచారమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాంచారమ్మ నిజాంపట్నం అవతల, సముద్రపు ఒడ్డునున్న పల్లె నుంచి మొదటి బస్సుకి చేపల గంప తెచ్చుకునేది. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. చర్చి చుట్టూ ఉండే మా పేటలో అందరూ మాస్టర్లూ, గుమస్తాలూ, కూలికెళ్లేవాళ్లూ. నాంచారమ్మది నల్లటి ఒళ్లు, నెరిసిన కొప్పు, మోచేతుల దాకా అంటుకున్న పొలుసుల తళతళ. వీధి మొదట్లో "చేపలోయమ్మా" అని కేకేసిందంటే మాకంటే ముందు పిల్లులు పరిగెత్తేవి. పెద్దవాళ్లు పేరు పెట్టి పిలిచినా పిల్లలందరికీ ఆవిడ నాంచారత్త.

మా గోడకి చర్చివాళ్లిచ్చిన క్యాలెండరు వేలాడేది గానీ, నాకు నెలలు తెలిసింది ఆవిడ గంపలోంచే. పెనుమూడి దగ్గర కృష్ణకి ఎర్రనీళ్లు దిగాయంటే, ఆ బురదనీరు సముద్రంలో కలిసే చోటికి మేత కోసం ఎగబడిన రొయ్యలూ కొయ్యింగలూ గంపనిండా వచ్చేవి. దసరా వెళ్లి గాలి తూర్పుకి తిరిగితే వేలెడేసి కవళ్లు, వాటిని తరుముకుంటూ వచ్చి తామే చిక్కుకున్న వంజరాలు. కార్తీకమాసంలో ఊళ్లో సగం ఇళ్లవాళ్లు నీచు ముట్టరు గనక, "ఈ నెలంతా మీ పేటే నాకు దిక్కండమ్మా" అంటూ తిన్నగా మా వీధికే వచ్చి కూలబడేది. క్రిస్మస్ ముందు చందువలు. తన చిన్నప్పుడు ఒక్కో చందువ చాటంత ఉండేదని నాయనమ్మ కోతలు కోసేది. చలికాలం చివర బాపట్లలో మా మేనత్త ఇంటికి వెళితే, సూర్యలంక ఇసకలో తాబేళ్లు రాత్రి వచ్చి గుడ్లు పెట్టిపోయిన జాడలు పొద్దున్నే చూపించేవాళ్లు. చింతచిగురు వేళకి ఎండు నెత్తళ్లు, రోహిణి ఎండలకి పచ్చిచేప నిలవదు గనక అన్నీ ఎండువే. రావాల్సిన చేప రావాల్సిన నెలలో రాకపోతే నాంచారత్త గంప దించుతూనే "నీళ్లకేదో అయ్యిందండమ్మా" అని నిట్టూర్చేది. ఆ మాట వింటే చాలు, అన్నం సయించేది కాదు నాకు.

సొర సంగతి వేరు. పాలసొర అని, చెయ్యంత పొడుగుండే చిన్న సొర. బాలింతకి పెడితే పాలు పడతాయని మా వైపు కులం, మతం లేకుండా అందరి నమ్మకం. చలికాలమంతా దొరికేది. కానీ శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే, మళ్లీ వాళ్ల గంగమ్మ కొలుపు అయ్యేదాకా ఆ పల్లెలో సొర ముట్టేవాళ్లు కాదు. ఆ రోజుల్లో సొరలు లోతునీళ్లలోంచి ఒడ్డు దగ్గరికి వస్తాయట, మిగతా చేపల్లా గుడ్లు కాకుండా కడుపులో మోసిన పిల్లల్నే పెడతాయట. "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడకూతుర్ని కోసుకు తింటామా అమ్మా, కళ్లు పోవూ!" అనేది నాంచారత్త. వాళ్లకి సొర ముట్టని నెలలూ, మాకు మాంసం ముట్టని లెంటు దినాలూ ఇంచుమించు ఒకేసారి వచ్చేవి. వీళ్ల అమ్మవారూ మన దేవుడూ ఎక్కడో కూడబలుక్కున్నారని నాన్న నవ్వేవాడు.

తమ్ముడు సరిగ్గా ఆ నెలల్లోనే పుట్టాడు. నాకూ వాడికీ మధ్య ఒక చెల్లి పుట్టి, నెల తిరక్కుండానే పోయింది. ఏం జబ్బో ఏమోనని నాన్న అనేవాడు. పాలు చాలకే పోయిందని నాయనమ్మ తీర్మానం. అందుకే అమ్మ కడుపుతో ఉండగా, చలికాలంలోనే నాంచారత్త ఉప్పేసిన ఎండుసొర తెచ్చి "దాచుకోండి పెద్దమ్మగారూ, పురుడు నాటికి దొరకదు" అని చెబితే, నాయనమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దే తల్లీ, పుట్టని బిడ్డకి ముందే సరుకు కొంటే అరిష్టం. ఒకసారి ఉయ్యాల ముందే కట్టి అనుభవించాం" అంది. చెల్లి కోసం కట్టిన ఉయ్యాల తాళ్లు అప్పటికీ దూలానికే ఉన్నాయి.

తీరా తమ్ముడు పుట్టాక అమ్మకి పాలు పడలేదు. వెల్లుల్లి కారం పెట్టారు, బొప్పాయి కూర పెట్టారు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఆవుపాలు పట్టినా వాడికి పడేవి కావు, కక్కేసేవాడు. వాడి ఏడుపు రోజురోజుకీ సన్నబడింది. పెద్దగా ఏడిస్తే ఇల్లంతా విసుక్కునేది గానీ, ఏడుపు తగ్గేసరికి ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను బడినుంచి వస్తూ మా ఇంటి మలుపు దగ్గర ఆగిపోయి, ఏడుపు వినపడుతుందా లేదా అని చెవులు రిక్కించి, వినపడితేనే అడుగేసేదాన్ని. ఒకరోజు వినపడలేదు. పుస్తకాల సంచీ అక్కడే పారేసి పరిగెత్తాను, వాడు నిద్రపోతున్నాడు. ఆ రోజు మొదలైన గుండెదడ నాకింకా పూర్తిగా తగ్గలేదంటే నవ్వకండి.

ఇక లాభం లేదని నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని నిజాంపట్నం బస్సెక్కింది. దిగి ఇసక బాటలో నడిచి, సరుగుడు తోటలు దాటి పల్లె చేరేసరికి, ఒడ్డున ఆడా మగా రెండు వరసలుగా నిలబడి అలివి వల లాగుతున్నారు. నీళ్లలోంచి ఆ పెద్ద వల నెమ్మదిగా ఇసక మీదికి వచ్చింది. గలగలలాడే చిన్న చేపల మధ్య, బూడిదరంగు వీపుతో, బరువుగా పొర్లుతూ ఒక సొర. నాయనమ్మ కళ్లు మెరిశాయి.

"అదిగో, దేవుడిచ్చాడు! నాంచారమ్మా, అది నాకియ్యవే, నీకు పుణ్యముంటుంది."

నాంచారత్త దాని పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యేసి చూసింది. "దీనికి నెలలు నిండినాయండి పెద్దమ్మగారూ. ఇవ్వలేనండి."

"చేప పిల్లల మీదున్న జాలి మా పిల్లోడి మీద లేదటే నీకు? వాడు పోతాడే, ఈ మాటు కూడా పోతాడే!" నాయనమ్మ ఇసకలో చతికిలబడి ఏడ్చేసింది. ఎప్పుడూ తెల్లచీర నలగనివ్వని మనిషి, అందరి ముందూ తలబాదుకుంటుంటే నేను బిత్తరపోయి నిలబడ్డాను.

నాంచారత్త లేచింది. ఇద్దరు మగవాళ్లని సాయం పిలిచి సొరని మోకాలి లోతు నీళ్లలోకి తీసుకెళ్లింది. అలల నురగలో దాని ఒంట్లోంచి పిల్ల జారింది, దాని వెనక ఇంకొకటి. జానెడేసి పిల్లలు, అచ్చం తల్లి పోలికే. ఒక్కో పిల్లకీ రెక్కల మధ్య, గుండె దగ్గర, సన్నటి తాడు. అది బొడ్డుతాడని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మధ్యే మంత్రసాని తమ్ముడికి కోస్తుంటే తలుపు సందులోంచి చూసి ఉన్నాను. నాంచారత్త వేళ్లతో ఆ తాళ్లు విడదీసి, అరచేత్తో ఒక్కో పిల్లనీ లోతు వైపు తోసింది. తల్లిసొర కాసేపు అక్కడే తూలుతూ ఉండి, తర్వాత కనిపించలేదు. బతికిందో లేదో అని తిరుగు బస్సంతా నాకు అదే ధ్యాస.

వెనక్కి వచ్చి, తడిచీర పిండుకుంటూ నాంచారత్త ఇంట్లోకి వెళ్లి, పొయ్యి పైన అటక మీంచి తాటాకు చుట్ట దించింది. లోపల ఉప్పు తెల్లగా తేలిన ఎండుసొర. గుమ్మంలో ఆవిడ కూతురు మంగ, నిండు కడుపు మీద చెయ్యేసుకుని నిలబడి చూస్తోంది. కాన్పుకి వచ్చిన పిల్ల, తొలిచూలు.

"అమ్మా, మరి నాకో?" అంది.

"నీకింకా టైముంది. మనకి సముద్రం ఉంది గదే" అని, నాంచారత్త ఆ చుట్టని నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

ఆ సాయంత్రమే పెరట్లో పొయ్యి రాజుకుంది. నాయనమ్మ దాన్ని నానబెట్టి ఉప్పు పోగొట్టి, పసుపు వేసి ఉడికించి, నడిముల్లు తీసి, పొడిపొడిగా చిదిమి, గుప్పెడు వెల్లుల్లీ మిరియాల పొడీ వేసి వేయిస్తుంటే అదే ఈ నెత్తికెక్కే వాసన. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నది. సొర వల్లనో, ప్రార్థన వల్లనో, పెడతానన్న మనిషి దొరికిందన్న ధైర్యం వల్లనో, అమ్మకి పాలు పడ్డాయి. ఒకరోజు బడినుంచి వస్తుంటే మలుపు తిరక్కముందే తమ్ముడి ఏడుపు వీధంతా మోగిపోతోంది. అంత హాయైన గోల నా జన్మలో వినలేదు. వాడిప్పుడు బట్టతల పెద్దమనిషి, భట్టిప్రోలులో ఎరువుల కొట్టు, చేప అంటే ఆమడ దూరం పారిపోతాడు.

నాకు మాత్రం మంగక్క బెంగ పట్టుకుంది. ఆ పిల్లకని దాచిన సొర మనం తినేశామే, దానికి పాలుంటాయా అని. నాంచారత్త గంప దించినప్పుడల్లా "మంగక్కకి పాలున్నాయా?" అని అడిగేదాన్ని. "కొలుపైపోయింది, వల్లో సొరలు పడతన్నాయి, నువ్వు బెంగెట్టుకోకమ్మా" అని నవ్వేది. ఆ నవ్వు చూశాకే బడికి వెళ్లేదాన్ని.

నిన్న ఆ మంగక్క దగ్గరికే వెళ్లాను. తెనాలి మార్కెట్టంతా గాలిస్తే చెరువు చేపలూ చెరువు రొయ్యలూ తప్ప సొర లేదు. రేపల్లె వెళితే, బస్టాండు పక్కన ఆటోలో ఐసు డబ్బాతో మంగక్క కనిపించింది. తల్లి పోలికే, కొప్పు కూడా నెరిసింది. కవళ్లు ఇప్పుడు ఏ నెలలో వస్తున్నాయని అడిగితే, "నెలా పాడా అమ్మాయిగారూ, వస్తే వచ్చినట్టు, లేపోతే లేనట్టు" అంది. సరుగుడు తోటల వరకూ రొయ్యల చెరువులేనట. అలివి వల లాగడానికి మనుషులు లేరట. గంగమ్మ కొలుపు జరుగుతోందట, మైకులు పెట్టి మరీ.

మనవరాలికి పాలు చాలడం లేదు, సొర కావాలంటే ఐసులోంచి తీసింది. జానెడేసి పిల్లలు.

"పెద్దవి లేవా మంగక్కా?"

"పెద్దవి ఎక్కడున్నాయి? ఇవే వత్తన్నాయి. నేను వద్దంటే ఇంకోళ్లు కొంటారు."

శివరాత్రి వెళ్లింది, కొలుపు ఇంకా కాలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె నా కళ్లలోకి చూడకుండా కవరు విప్పింది. "మీ అమ్మ ఉంటే ఇచ్చేదా?" అని నోరుజారి అడిగాను. మంగక్క చెయ్యి ఆగింది.

"మా అమ్మకి సముద్రం ఉందమ్మా" అంది. ఒక పిల్లని కవరులో వేసి, "పాపకి పాలు పడాల గదా, పట్టుకెళ్లండి" అని ముడేసి ఇచ్చింది.

ఇప్పుడు ఆ సొరపిల్లని గిన్నెలోంచి తీసి వెల్లకిలా తిప్పాను. రెక్కల మధ్య, గుండె దగ్గర, సన్నటి గాటు, ఇంకా పూడలేదు. ఈ పొద్దున్నే నా మనవరాలికి బొడ్డు ఊడింది. అమ్మాయి దాన్ని దూదిలో చుట్టి అలమరలో దాచుకుంది.

గదిలో బిడ్డ మళ్లీ మొదలుపెట్టింది. సన్నటి, ఓపిక లేని ఏడుపు. నేను చెవులు రిక్కించి విన్నాను, ఇంకా వినపడుతోంది. పసుపు డబ్బా అందుకున్నాను. నాంచారత్తా, పోతే నా కళ్లే పోనీ అనుకుని పొయ్యి వెలిగించాను.