పెరిగే పిల్ల కొలత

మా అమ్మాయికి ఈ జూన్‌లో పదమూడు నిండాయి. ఆ వారమే మా అత్తమ్మ వాళ్ల అక్క లింగంపేట నుంచి ఎల్లారెడ్డిలోని మా ఇంటికి వచ్చింది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, బడి నుంచి వచ్చి సైకిల్ దిగుతున్న పిల్లను పైనుంచి కిందికి చూసి, "ఈడొచ్చిన పిల్ల ఎల్లారెడ్డంత సైకిల్ మీద తిరుగుడేందే?" అంది.

జవాబు చెప్పాల్సింది పోయి, "రేపటి సంది ఆటోల పో బిడ్డా" అన్నాను. పిల్ల నాన్న మస్కట్‌లో ఉంటారు. ఇక్కడ ఏ చిన్న తేడా వచ్చినా నన్నే అంటారని నా భయం.

అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టనా అంటే "ఊ". సరిపోయిందా అంటే కూడా "ఊ". బడి ముచ్చట్లతో నా చెవులు తినేసే పిల్ల. నాలుగు రోజులకే నాకు ఇల్లు బోసిపోయింది.

పిల్లను నొప్పించింది ఆటో కాదు, 'ఈడొచ్చిన పిల్ల' అన్న ఆ మాట. ఈడొచ్చింది సరే, దేనికి వచ్చినట్టు? పైకి ఎవరూ అనరు కానీ, పదమూడేళ్ల పిల్లను చూస్తూ పెళ్లిని తలుచుకునే మాట అది. మరేమనాలి? కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు మా మేడం 'కౌమారం' అని బోర్డు మీద రాసి, కుమార అన్న మాట నుంచి వచ్చిందని చెప్పారు. పరీక్షలో రాయడానికి బాగుంది, ఇంట్లో నోరు తిరగదు. 'టీనేజర్'లోని 'టీన్' ఇంగ్లిష్‌లో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా అంకెలన్నిటికీ ఉన్న ఒకే తోక. వయసు లెక్క చెబుతుంది, పిల్ల గురించి ఏమీ చెప్పదు. మా వాడకట్టులో అయితే దాన్ని తిట్టడానికే వాడతారు.

ఆదివారం యూనిఫాం కొలతలకు అమ్మాయిని దర్జీ ఆపా దగ్గరికి తీసుకెళ్లాను. ఉర్దూలో ఆపా అంటే అక్క, మా వాడకట్టంతా ఆమెను అట్లాగే పిలుస్తుంది.

"కొంచెం లూజుగ కుట్టుండ్రి ఆపా. ఇప్పుడిది..." అని ఆగిపోయాను. ఆ మూడు మాటల్లో ఒక్కటీ వాడబుద్ధి కాలేదు. అమ్మాయి నేల చూస్తోంది.

"ఇప్పుడేమైంది? ఏం గాలే, పెరుగుతున్నది" అంది ఆపా టేపు విదిలిస్తూ. "లూజు గుడితే బస్తా తొడిగినట్లుంటది. కొలతకే కుడత. లోపల నాలుగు వేళ్ల బట్ట మడిచి పెడత. పొడుగైనంక విప్పుకోండ్రి."

నోట్‌బుక్‌లో కొలతల పక్కన 'పెరిగే పిల్ల' అని రాసుకుంది. మా అమ్మాయి వంగి చూసింది.

"మొగపిల్లలకు గూడ గిట్లనే రాస్తరా ఆంటీ?"

"రాయకుంటే ఎట్ల బేటా? మూడు నెలలకే వాళ్ల ప్యాంట్లు మోకాళ్ల మీదికొస్తయి."

అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నాకు సగం ధైర్యం వచ్చింది.

ఇంటికి రాగానే పెద్దత్తమ్మ అడిగింది. "నెలకు ఆటో మాట్లాడినవా?"

"లేదు పెద్దత్తమ్మా. పెరిగే పిల్ల. సైకిల్ తొక్కనీ."

ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసి, "గట్లయితే ముందుగాల గా సీటు పైకెత్తియ్యి. మోకాళ్లు తగులుతున్నయి, కప్ప లెక్క తొక్కుతున్నది" అంది.

సాయంత్రమే సీటు ఎత్తించాను. దాని పైపు ఇంకా కొంత లోపలే ఉంది. మర్నాడు గేటు దగ్గర నిలబడి, "చేరినంక ఫోన్ చెయ్" అన్నాను.

"బడిల ఫోన్ ఉండదమ్మా, పిచ్చిదానా" అంది నా కూతురు, పెడల్ మీద కాలు వేస్తూ. ఐదు రోజుల తర్వాత నాతో అన్న మొదటి నిండు మాట అది.