కారెక్కిన ఊయల

ఆ రోజుల్లో ఎవరైనా నాకు సలహా ఇస్తే లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి నాలుగేళ్ళయింది. రోజూ నలభైమంది పిల్లలు మన మాటల్ని నోట్సులో రాసుకుని, కింద స్కేలు పెట్టి ఎర్రగీతలు కూడా కొట్టుకుంటూ ఉంటే మనిషికి తన గురించి కొన్ని అపోహలు కలగడం సహజం. దానికి తోడు, పెళ్ళయిన కొత్తలో చేతులు మారిన చిన్న కారొకటి కొన్నాను. డిక్కీలో రెండు బ్యాగులు పెడితే మూడోది ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవాలి. (మా ఆవిడ దాన్ని డిక్కీ అనేది కాదు, పోపుల పెట్టె అనేది.) అందుకని కారు పైన సామాన్ల క్యారియర్ పెట్టించాలనుకున్నాను.

షాపుల్లో తయారుగా దొరికేవి కొనుక్కుంటే ఈ కథే లేదు. కానీ సైన్సు మాస్టారు కొనుక్కుంటాడా? గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి, వెల్డింగు షాపుకి పట్టుకెళ్ళాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "మాస్టారూ, దీనికి కాళ్ళు ఇంతెత్తెందుకండి? జానెడు చాలండి" అన్నాడు. నేను మూరెడు ఉండాలన్నాను. కింద నుంచి గాలి ఆడాలనీ, లేకపోతే వేగం అందుకున్నప్పుడు సామాను కిందా పైనా ఒత్తిడి తేడా వస్తుందనీ పావుగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీ ఇష్టమండి. కారు మీద మడత మంచం వేసినట్టుంటుంది మరి" అన్నాడు. అచ్చం అలాగే ఉంది. మా వీధిలో పిల్లలు మంచం కారు వచ్చిందంటూ వెనకాల పరిగెత్తేవారు. నేను దాన్ని ఆదరణ కింద జమ కట్టుకున్నాను.

ఇంతలో మాకు పాప పుట్టింది. మా ఆవిడ పుట్టిల్లు సముద్రం పక్కనున్న మొగల్తూరు. పురుడు అక్కడే పోసుకుని, మూడో నెలలో వాళ్ళమ్మతో, పాపతో కొవ్వూరు వచ్చేసింది. ఆ వచ్చే ఆదివారం పది గంటలకి మా చర్చిలో పాప బాప్తిస్మం. ఆ తర్వాత ఇంట్లో ప్రార్థన చేసి ఊయల్లో వేయాలి. ఆ ఊయల మొగల్తూరులోనే ఉండిపోయింది, మా ఆవిడ అమ్మమ్మగారిది. టేకుది, నాలుగు కాళ్ళూ పైన కమానూ ఉన్నది. ఆ ఇంట్లో మూడు తరాలు అందులోనే నిద్రపోయాయి. "వ్యాన్ మాట్లాడండి" అంది మా ఆవిడ. ఇంట్లో అంత క్యారియర్ పెట్టుకుని వ్యాను మాట్లాడ్డం ఏంటని నేను శనివారం సాయంత్రమే మొగల్తూరు బయల్దేరాను.

ఆదివారం తెల్లవారి ఆరింటికి ఊయలని క్యారియర్ మీదికెక్కించి, తాళ్ళు బిగించి, మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. మామగారు తెలుగు పంతులుగారుగా రిటైరయినవారు, వాళ్ళ చర్చిలో పెద్ద. ఇస్త్రీ పంచె, లాల్చీ, ఒళ్ళో బైబిలు. పాలకొల్లు దాటాక కాస్త దగ్గర దారని ఒక రైలు కట్ట కిందికి తిప్పాను. అక్కడ పెద్ద బళ్ళు రాకుండా రోడ్డుకి అడ్డంగా ఎత్తులో ఒక ఇనుప కమ్మీ ఉంది. "అల్లుడుగారూ, పడతామంటారా?" అన్నారు మామగారు నెమ్మదిగా. "లెక్క ప్రకారం పడతామండి" అన్నాను. (ఏ లెక్క అని ఆయన అడగలేదు. ముందు రోజు ఇదే దారిన వచ్చేటప్పుడు క్యారియర్ ఖాళీగా ఉందన్న సంగతి నాకూ గుర్తు రాలేదు.)

పైన కిర్రుమంది. కారు ఆగిపోయింది. చూద్దామని ఇద్దరం దిగాం. దిగీ దిగగానే ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా కిర్రుమంది. ఊయల కమాను కమ్మీ కిందికి దూరి బిగుసుకుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. తాళ్ళు విప్పినా లాభం లేదు, కమ్మీ పట్టు వదిలితే కదా! రెండు వైపులా సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ పోగయ్యాయి. ఒకాయన ఊయల కాళ్ళు కోసేయమన్నాడు. ఇంకొకాయన కమ్మీ కోసేయమన్నాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టి వీడియో తీసుకున్నాడు. మామగారు ఊయల కాలు పట్టుకుని, పంచె గ్రీజయిపోతున్నా వదలకుండా నిలబడ్డారు. "మా అమ్మాయి ఇందులోనే మొదటిసారి బోర్లా పడిందండి" అని ఎవరికో చెబుతున్నారు. నేను ఫోన్లో క్యాలుక్యులేటర్ తీసి కోణాలు లెక్కేస్తున్నాను. అప్పుడే మా ఆవిడ ఫోను.

"ఎక్కడున్నారు?"

"వచ్చేస్తున్నాం. ఒక కమ్మీ దగ్గరున్నాం."

"కమ్మీ ఏ ఊరండీ?"

ఫోను పెట్టేసి మళ్ళీ క్యాలుక్యులేటర్ తీశాను.

రోడ్డు పక్కన ముగ్గురు ఆడవాళ్ళు చేపల తట్టలతో ఆటో కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ ఆటో దూరం నుంచే మా కారుని చూసి, వెనక్కి తిరిగి వేరే దారిన పోయింది. ముగ్గురిలో పెద్దామె నడుం మీద చెయ్యేసుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏంటి బాబూ ఆ నొక్కడం? ఫోను లాగుద్దా కారుని?"

"లెక్క చూస్తున్నానమ్మా."

"లెక్కేముంది బాబూ! మీరిద్దరూ దిగగానే కిర్రుమందా లేదా? బరువు తగ్గిందని కారు లేచింది. బరువెక్కితే పడవ దిగదా? కారూ దిగుద్ది. లెగండి, తలుపు తీయండి."

నేను నోరు తెరిచేలోగా ముగ్గురూ వెనక సీట్లో కూర్చున్నారు. ముగ్గురూ దిట్టమైన మనుషులు. తట్టలు డిక్కీలో, అంటే పోపుల పెట్టెలో, సగం బయటికి వచ్చేట్టు సర్దారు. మామగారు ముందు కూర్చున్నారు, నేను స్టీరింగు దగ్గర. కారు మూలుగుతూ నాలుగు వేళ్ళు కిందికి దిగింది. పైన కమాను కమ్మీని వదిలింది. రివర్సు గేరు వేసి మెల్లగా వెనక్కి లాగాను. జనం చప్పట్లు కొట్టారు. ఊయలకి ఒక గీత తప్ప ఏమీ కాలేదు. దాన్ని దింపి, నలుగురు మోసుకుని కట్ట అవతలికి తెచ్చి, కారు దాటాక మళ్ళీ పైన కట్టారు.

"చాలా థాంక్సమ్మా, ఇక మీరు..." అన్నాను.

"మేం దిగం బాబూ" అంది పెద్దామె. "మా ఆటో నీ మూలంగానే పోయింది. ఆదివారం పూట చేప ఆగుద్దా? మార్కెట్ కాడ దింపు."

మామగారు వెనక్కి తిరిగి, "న్యాయమేనమ్మా" అన్నారు.

మార్కెట్ దగ్గర దింపేటప్పుడు పెద్దామె ఊయల దేనికని అడిగింది. చెప్పాను. తట్టలోంచి ఒక పెద్ద పండుగప్ప తీసి ఆకులో చుట్టి మామగారి చేతిలో పెట్టింది. "తల్లికి పులుసు పెట్టండి. పాపకి నా పేరు చెప్పి ముద్దెట్టండి" అంది. ఆమె పేరేంటో మేం అడగనే లేదు. గుర్తొచ్చేసరికి రెండూళ్ళు దాటేశాం.

చర్చికి చేరేసరికి పదిన్నర దాటింది. పాస్టరుగారు అప్పటికి అదనంగా నాలుగు పాటలు పాడించారట. మేం లోపలికి వస్తుంటే జనం పక్కకి జరిగి దారిచ్చారు. అది గౌరవం కాదని మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాక తెలిసింది. పాప మాత్రం నా చొక్కా వాసన చూసి ఏడుపు ఆపేసింది. మొగల్తూరు నీళ్ళు కదా.

భోజనాలయ్యాక పాపని ఊయల్లో వేసి అందరూ చుట్టూ చేరారు. నేను ఒక గరిటె, రెండు గ్లాసులు తీసుకుని, బరువెక్కితే స్ప్రింగులు ఎలా కుంగుతాయో, అందువల్ల కారు ఎత్తు ఎలా తగ్గుతుందో అరగంట సేపు వివరించాను. ఆలోచన నాదేనన్న ధోరణిలోనే చెప్పాను. మామగారు పక్కనే కూర్చుని తలూపుతూ ఉన్నారు.

ఆ గరిటె పట్టుకున్న కుర్ర మాస్టారు ఇప్పుడు కళ్ళ ముందుకొస్తే అతన్ని ఆపాలనిపించదు. ఆ గదిలో ఎవరూ వినడం లేదు. అందరూ పాపనే చూస్తున్నారు. ఆ సంగతి అతనికి తెలియదు పాపం, అందుకే అంత హాయిగా ఉన్నాడు. ఇప్పుడు నాకు తెలిసిపోతోంది. ఏదైనా చెప్పడం మొదలుపెట్టి, ఎదుటివాళ్ళ కళ్ళు చూసి, సగంలోనే ఆపేస్తున్నాను.