వేర్‌వుల్ఫ్ పేజీలో ఎర్రనూలు

ఎమ్మిగనూరులో మా ఇంగ్లీషు సారు పోయారని పోయిన వారం ఆదోనిలో ఉన్న నాకు ఫోను వచ్చింది. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ముందు వచ్చింది కోపం. చల్లారాక రాస్తే అబద్ధమవుతుందని ఇప్పుడే రాస్తున్నాను.

సారు మగ్గం ఇంట్లో పుట్టినవారు. పొద్దున్నే కాసేపు నేసి బడికి వచ్చేవారు. కొత్త పడుగులో ఒక్కో పోగునూ పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు కదా, మాటల్నీ అలాగే అతికేవారు. ఒకరోజు బోర్డు మీద ‘వేర్‌వుల్ఫ్’ అని రాశారు. తోడేలుగా మారే మనిషి.

“వేర్ అంటే పాత ఇంగ్లీషులో మనిషి. మన వీరుడికి దాయాది. వుల్ఫేమో మన వృకానికి. యాడో సీమదేశం మాట అనుకుంటిరే, మన సుట్టమేనప్పా,” అని నవ్వారు. తర్వాత మెల్లగా, “ముందు మనిషి, ఎనక తోడేలు. సూసుకోండి,” అన్నారు.

ఇలాంటివన్నీ ఏళ్ల తరబడి ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. మా ప్రైవేటు బడి యజమాని చదివి ఇస్తానని దాన్ని తీసుకెళ్లి, తన పేరుతో పుస్తకం వేసుకున్నాడు. అట్ట మీద తన ఫొటో! సారు అడగబోతే బడి గేటు మూయించాడు. నేను ఎగిరిపడితే సారు చెయ్యి పట్టుకుని, “నేను బతికుండేంతవరకూ రచ్చ సెయ్యొద్దప్పా,” అని ఒట్టు వేయించుకున్నారు. మూడేళ్లు పళ్లు బిగబట్టుకున్నాను.

ఆదివారం సంతాప సభలో ఆ యజమానే పెద్దమనిషి. సారు తన శిష్యుడిలాంటివాడట! ఒళ్లు మండింది. ఒట్టు సారుతోనే పోయింది. ఆయన పేరుతో ఉన్న ఆ పుస్తకం తీసి, వేర్‌వుల్ఫ్ పేజీ తెరిచి చేతికిచ్చాను.

“సారుకు ఇష్టమైన పేజీ. మీరే రాసినారు గదన్నా, సదవండి.”

మైకులో గొంతు సవరించుకుని చదివాడు. “వేర్ అంటే మనిషి. వుల్ఫ్ అంటే తోడేలు. ఎర్రనూలు రెండు చిలపలు, సోమవారం తేవాలి.”

తన మగ్గానికి కావలసిన నూలు చుట్టల సంగతి సారు పేజీ అంచున రాసుకున్నారు. ఈయన దాన్నీ కలిపి అచ్చేయించాడు. సభలో సగం మంది నేతగాళ్లే. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, “మీకు మగ్గం యాడుంది సామీ?” అని అడిగాడు. యజమాని పుస్తకం వదిలేసి కారెక్కాడు.

నాకది చాలలేదు. సారు నోటుబుక్కు ఇంకా ఆ యజమాని బీరువాలోనే ఉంది. అది ఇచ్చేదాకా ప్రతి సోమవారం, సారు మొహాన మూసిన ఆ గేటుకే రెండు ఎర్రనూలు చిలపలు కడతానని అక్కడే అందరి ముందూ చెప్పాను. నిన్న సోమవారం, కట్టి వచ్చాను.

ఈ ఉదయం ఆ దారిన వెళ్లి చూశాను. నేను కట్టినవి ఎక్కడున్నాయో కనిపించలేదు. గేటు పైనుంచి కింది దాకా ఎర్రనూలే.